గట్టిగా చెప్పలేని మాట

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఆస్పత్రిలో అందరికీ ఆమె చెవులమ్మ. చెవి, ముక్కు, గొంతు విభాగంలో వినికిడి పరీక్షలు చేస్తుంది. చేసే పని చెవులదైనా పేరు మోసింది మాత్రం గొంతుతోనే. ఆమె కింది అంతస్తులో దగ్గితే పై అంతస్తులో పేషెంటు లేచి కూర్చుంటాడని అనేవారు.

ఆ గొంతు పుట్టింటి నుంచి వచ్చింది. తండ్రి రేకుల కార్ఖానాలో సుత్తి దెబ్బల మధ్య బతికి, నడివయసుకే చెవులు పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఏ మాటైనా ఆయనకు వినిపించేలా చెప్పాల్సిందే. కూతురికి సంబంధం వచ్చినా, పక్కింటివాళ్ళు చక్కెర అరువడిగినా వీధంతటికీ తెలిసిపోయేది. "గోడలకు చెవులుంటాయంటారు, మన గోడలకు పాపం తలనొప్పి కూడా ఉంటుంది" అని తల్లి నవ్వేది. అలా పెరిగిన పిల్లకు గుసగుస అంటే ఏమిటో చాలాకాలం తెలియదు. తెలిశాక నచ్చలేదు.

ఆమె గదిలో ఇంకో చిన్న గది ఉంది. మందమైన మెత్తటి గోడలు, బరువైన తలుపు, ఒక గాజు కిటికీ. పేషెంటును లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చి తలుపు మూస్తుంది. బయట యంత్రం ముందు కూర్చుని సన్నగా కూత వినిపిస్తుంది. వినపడితే లోపలివాళ్ళు బటన్ నొక్కాలి. మాట్లాడాలంటే అటూ ఇటూ మైకులున్నాయి. తలుపు పడిందంటే ఆ గదిలో మాట బయటికి రాదు, బయట మాట లోపలికి పోదు.

ఆ గదికి ఎడమ చెవి పోయిన ఆడవాళ్ళు చాలామంది వచ్చేవారు. కుడిచేతి వాటం మనిషి ఎదురుగా నిలబడి కొడితే దెబ్బ ఎడమ చెవి మీదే పడుతుంది. గాలి ఒక్కసారిగా లోపలికి తన్నుకుని చెవిలో పొర చిరుగుతుంది. ఇదేమీ చెవులమ్మ ఒక్కతే కనిపెట్టిన సంగతి కాదు. డాక్టరమ్మకు తెలుసు, హెడ్ సిస్టరుకు తెలుసు, మందులిచ్చే కిటికీ వెనక కుర్రాడికీ తెలుసు. తెలిసినవాళ్ళందరూ కలిసి దాన్ని "పుల్ల" అనేవారు. చెవి దురదపెట్టి పుల్ల పెట్టుకుంది, లోపలికి పోయింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ చెవులకు అంత దురదేమిటని ఎవరూ అడగలేదు.

చెవులమ్మ ఒకటి రెండుసార్లు అడిగింది. డాక్టరమ్మ మంచి మనిషే, హస్తవాసి గొప్పది, పేదవాళ్ళ మీద విసుక్కోదు. "మన పని చెవి వరకే. పొర దానంతటదే మూసుకుంటుంది. మిగతావి వాళ్ళు చూసుకుంటారు" అనేది. చెవులమ్మ గొణుక్కుంటూ తిరిగొచ్చేది. ఆమె గొణుగుడు కూడా వరండా చివరిదాకా వినిపించేది.

ఒక ఏడాది పైఆఫీసు నుంచి శిక్షణ ఇచ్చేవాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళ మీద దౌర్జన్యం, ఆస్పత్రి సిబ్బంది బాధ్యత అని తెర మీద పెద్ద అక్షరాలు. ఆడదాన్ని కొట్టడానికి సరైన కారణమంటూ ఏదైనా ఉంటుందా అని అడిగారు. హాలంతా ఒక్క గొంతుతో లేదంది. ముందు వరుసలో హెడ్ సిస్టర్ గొంతు అందరికంటే ముందు వినపడింది. తరవాత ఒక చిన్న నాటకం వేయించారు. హెడ్ సిస్టర్ దెబ్బలు తిన్న భార్య. మొగుడి వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే ల్యాబ్ బావ లేచాడు.

ల్యాబ్ బావ అంటే రక్తపరీక్షలు చేసే మనిషి. ఎవరినైనా వరస కలిపి పిలుస్తాడు, ఎవరితోనైనా సరసమాడతాడు, అందుకని ఆస్పత్రి మొత్తానికి బావ అయ్యాడు. అందరికీ తలలో నాలుక. ఎవరి తల్లికి బాగాలేకపోయినా ముందు వచ్చి నిలబడేది అతనే. చెవులమ్మ భర్త స్కూలు పిల్లల బస్సు నడుపుతాడు. కడుపులో పుండు పగిలి ఆయన చావుబతుకుల్లో పడ్డప్పుడు, ఊరంతా తిరిగి మనుషుల్ని పోగుచేసి, ముందు తన చెయ్యి చాపి రక్తం ఇచ్చింది ల్యాబ్ బావే. ఆ రోజు నుంచి చెవులమ్మ అతన్ని తమ్ముడూ అని పిలిచేది.

నాటకంలో అతను చొక్కా చేతులు మడిచి, కళ్ళెర్రజేసి, "కూరలో ఉప్పేదే?" అని గద్దించేసరికి హాలు హాలంతా విరగబడి నవ్వింది. చెవులమ్మ కూడా నవ్వింది. రెండో వరుసలో అతని భార్య కూర్చుని ఉంది. ఆమె ఆపరేషన్ థియేటర్లో నర్సు, అందరూ థియేటర్ సిస్టర్ అంటారు. ఆమె నవ్వలేదు. ఆమెకు చిన్నప్పుడు చీము పట్టి కుడి చెవి దాదాపు పోయింది, ఎడమ చెవితోనే నెట్టుకొస్తుంది. నవ్వుల గోలలో మాట వినపడి ఉండదులే అనుకుంది చెవులమ్మ.

టీ తాగేటప్పుడు హెడ్ సిస్టర్ బిస్కెట్టు ముంచుకుంటూ, ఇవన్నీ చెప్పడానికి బాగానే ఉంటాయి గానీ మరీ నోరేసుకు పడిపోయేవాళ్ళను ఎవడు మాత్రం ఎంతసేపు భరిస్తాడు అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. శిక్షణ ముగింపులో వందన సమర్పణ చేసింది ల్యాబ్ బావే.

ఆ తరవాత కొన్ని వారాలకు ఒక ఉదయం ల్యాబ్ బావ భార్యను వెంటబెట్టుకుని వినికిడి గదికి వచ్చాడు. ఆమె సంచీ తన భుజాన వేసుకున్నాడు.

"అక్కా, మీ మరదలు చెవిలో పుల్ల పెట్టుకుంది. కాస్త చూడండి. చెప్తే వినదు కదా" అని నవ్వాడు. వినదు అన్న మాటలోని చమత్కారానికి తనే ఇంకోసారి నవ్వుకున్నాడు.

చెవులమ్మ అతన్ని వరండాలో బల్ల మీద కూర్చోమంది. థియేటర్ సిస్టరును లోపలి గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి తలుపు వేసింది. పరీక్ష మొదలుపెట్టింది. కుడి చెవి సంగతి పాతదే. ఎడమ చెవికి కూత పెట్టింది. బటన్ నొక్కలేదు. పెంచింది, నొక్కలేదు. ఇంకా పెంచింది. గాజు అవతల ఆమె కళ్ళు మూసుకుని, బటన్ మీద బొటనవేలు పెట్టుకుని, రాని కూత కోసం ఎదురుచూస్తూ ఉంది. పొర చిరిగితే ఇంత పోదు. లోపల నరం కూడా దెబ్బతిన్నట్టుంది. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితే తప్ప ఈ మనిషికి ఇప్పుడు ఏమీ వినపడదు. థియేటర్లో అందరి మూతులకూ గుడ్డలుంటాయి, పెదాలు చూసి అర్థం చేసుకునే వీలు కూడా లేదు.

పరీక్ష అయిపోయిందని మైకులో చెప్పింది. థియేటర్ సిస్టర్ కళ్ళు తెరిచింది గానీ లేవలేదు.

"అక్కా, తలుపు కాసేపు అలాగే ఉంచు" అంది. "ఇందులో నీ గొంతు బాగా వినపడుతోంది."

చెవులమ్మ ఉంచింది.

థియేటర్ సిస్టర్ చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం అతని అన్నదమ్ముల వరస వాళ్ళు భోజనానికి వచ్చారట. ల్యాబ్ బావ వాళ్ళకు ఆస్పత్రి కబుర్లు చెబుతున్నాడు. ఒక పేషెంటుకు పెద్ద పెద్ద డాక్టర్లు రోగం పట్టుకోలేకపోతే తను రక్తం చూసి చెప్పాడని, తను చెప్పాకే కడుపు కోశారని. ఈమె వడ్డిస్తూ, అదేం లేదు, రిపోర్టు వచ్చేసరికే కడుపు కోసి చాలాసేపయింది, నేను అక్కడే ఉన్నాగా అంది. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా అతనే నవ్వాడు. చుట్టాలను వాకిలిదాకా సాగనంపాడు. లోపలికి వచ్చి చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో వేలు వేలునా తుడుచుకున్నాడు. తువ్వాలు తీగ మీద ఆరేశాడు. తరవాత వచ్చి కొట్టాడు.

"కావాలని ఆ చెవి మీదే కొట్టాడో, చెయ్యి అటు పడిందో నాకు తెలీదు అక్కా. కానీ పనిచేసేది ఏ చెవో ఆయనకి తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచి అటువైపు కూర్చునే మాట్లాడతాడు."

ఇదే మొదటిసారా అని చెవులమ్మ అడిగింది. కాదంది. ఇదివరకు ఎక్కడ అని అడిగితే, యూనిఫాం చేతులు కప్పే చోట్ల అంది. ఆ చోట్లు ఎంచుకోవడానికి అతనికి ఆస్పత్రి ఉద్యోగం బాగా పనికొచ్చింది.

చెవులమ్మ ఒళ్ళు మండిపోయింది. లేచి వరండాలోకి వెళ్ళి వాడి గల్లా పట్టుకోవాలనుకుంది. అంతలోనే ఆ చేతి నుంచి తన భర్తకు ఎక్కిన రక్తం గుర్తొచ్చింది. లేవబోయినది మళ్ళీ కూర్చుంది. తన మీద తనకే కోపం వచ్చింది.

థియేటర్ సిస్టర్ నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, పుల్ల కాదు మేడమ్, ఆయన కొట్టారు అని చెప్పేసింది. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి, కంగారుగా తలుపు వైపు చూసింది. రాస్తే పోలీసులు వస్తారు, ఇద్దరూ ఇక్కడే ఉద్యోగాలు, ఒక్కసారి ఆలోచించుకో అంది. హెడ్ సిస్టరుకు కబురు చేసింది. హెడ్ సిస్టర్, ఇది మన ఇంటి విషయం, మనమే కూర్చుని మాట్లాడుకుందాం అంది. మర్నాడు డ్యూటీ అయ్యాక నర్సుల గదిలో పంచాయితీ అన్నారు. థియేటర్ సిస్టర్ ఆ రాత్రికి తోటి నర్సు ఇంట్లో పడుకుంది.

సాయంత్రం చెవులమ్మ అన్నం పెట్టుకుని కెలుకుతూ కూర్చుంది. భర్త కారణం అడిగితే చెప్పింది. ఆయన నెమ్మది మనిషి, బస్సు హారన్ తప్ప పెద్ద చప్పుడు చేసి ఎరగడు. తన కంచం పక్కన పెట్టి విన్నాడు. నీకు ప్రాణం పోసినవాడయ్యా, నేను వాడికి ఎదురు ఎలా నిలబడను అని ఆమే అంది.

"అతనికి ప్రాణం బాకీ ఉన్నది నేను" అన్నాడాయన. "ఆ బాకీ ఆ పిల్ల చెవితో తీర్చమని నేను చెప్పలేదు."

మర్నాడు నర్సుల గదిలో తలుపు దగ్గరగా వేసి అందరూ చేరారు. హెడ్ సిస్టర్ మంచం మీద. డాక్టరమ్మ కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని. కట్లు కట్టే పెద్దాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి, అందరూ బాబాయ్ అంటారు. ల్యాబ్ బావ స్టూలు మీద తల వంచుకుని, మొహం పీక్కుపోయి ఉన్నాడు. థియేటర్ సిస్టర్ బల్ల చివర నేల చూస్తూ కూర్చుంది. చెవులమ్మను ఆమె తరఫు మనిషిగా పిలిచారు. బయట వరండాలో కట్ల కోసం వచ్చిన జనం కూర్చుని ఉన్నారు. అందుకని అందరూ గొంతు తగ్గించి మాట్లాడారు.

ముందు బాబాయ్ అందుకున్నాడు. ఉడుకురక్తం తల్లీ, ఒక్క క్షణం, మనిషి చెడ్డవాడు కాదు అన్నాడు. తను కట్టిన కట్లలో ఎన్ని చల్లారిన కాపురాలున్నాయో చెప్పుకొచ్చాడు. తరవాత హెడ్ సిస్టర్. కాపురమన్నాక గిన్నెలు ఒకదానికొకటి తగులుకోవా అంది. నలుగురిలో మొగుణ్ణి తక్కువ చేయడం నీదీ తప్పేగా అంది. నాకు పడలేదా, నేను చెప్పుకున్నానా, పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారు అంది. మందులు ఇస్తున్నప్పటిలాగే మెత్తగా, దయగా చెప్పింది. డాక్టరమ్మ కూడా, పొర మానుతుంది, నెమ్మదిగా మనసు కూడా మానుతుంది అంది. ల్యాబ్ బావ కళ్ళు తుడుచుకున్నాడు. మీరంతా పెద్దవాళ్ళు, ఏం చెబితే అది చేస్తాను, తనని ఇంటికి పంపండి చాలు అన్నాడు.

థియేటర్ సిస్టర్ తల ఎత్తలేదు. అవుననలేదు, కాదనలేదు.

హెడ్ సిస్టర్ మొహం విచ్చుకుంది. "మౌనం అర్ధాంగీకారం అన్నారు. ఇంకేం, లే అమ్మా, ఇద్దరూ ఇంటికి వెళ్ళండి" అని భుజం తట్టింది. అప్పుడు మాత్రం థియేటర్ సిస్టర్ ఉలిక్కిపడి తలెత్తి, అందరి మొహాలూ బిత్తరగా చూసింది.

చెవులమ్మ అంతదాకా నోరు మెదపలేదు. నోట్లో ఆ రక్తం రుణం గుడ్డలా కుక్కుకుని ఉంది. ఆ బిత్తరచూపు చూశాక ఆమెకు సంగతి బోధపడింది. ఈ మనిషికి ఎంత గట్టిగా చెబితే వినపడుతుందో నిన్న పొద్దున తనే కొలిచింది. ఇప్పటిదాకా ఈ గదిలో ఆడినదంతా గుసగుస. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత. వీళ్ళు చెవి పగలగొట్టి మరీ ఊదుతున్నారు, అదీ చుట్టుపక్కలవాళ్ళకు వినపడకుండా. ఆ వినపడని మాటలకు ఆమె ఒప్పుకున్నట్టు కూడా తేల్చేశారు.

"ఆమెకి వినపడలేదు" అంది.

హెడ్ సిస్టర్ ఏమిటన్నట్టు చూసింది.

"ఇంతసేపూ మీరు చెప్పినదాంట్లో ఆమెకి ఒక్క ముక్క వినపడలేదు. పరీక్ష చేసింది నేను. ఒప్పుకుందంటున్నారే, దేనికి ఒప్పుకుంది? మళ్ళీ చెప్పండి. గట్టిగా చెప్పండి."

నెమ్మది, బయట జనం ఉన్నారు అంది డాక్టరమ్మ.

"ఉంటారు. ఆస్పత్రి కదా" అంది చెవులమ్మ. ఆమె గొంతు పుట్టింటి గొంతైపోయింది. థియేటర్ సిస్టర్ ఎదురుగా వెళ్ళి నిలబడి, "వీళ్ళు నీకు సలహా చెప్తున్నారు. విని, నీకేమనిపిస్తే అది చెప్పు" అంది. ఆ మాట ఆమెకూ వినపడింది, వరండాకూ వినపడింది.

హెడ్ సిస్టర్ వెనక్కి తగ్గే మనిషి కాదు. గొంతు సవరించుకుని, చూడమ్మా, ఇంట్లో అన్నాక, అని మొదలుపెట్టింది. వినపడలేదు సిస్టర్ అంది థియేటర్ సిస్టర్. ఇంకాస్త పెంచింది. వినపడలేదంది. ఆమె వేళాకోళం చేయడం లేదు. మొహం చూస్తేనే తెలుస్తోంది, ఏం చెబుతారో వినాలని నిజంగానే ముందుకు వంగి కూర్చుంది. చివరికి హెడ్ సిస్టరుకు విసుగొచ్చి, వార్డులో అరిచినట్టు అరిచింది.

"మొగుడన్నాక ఒక దెబ్బ వేస్తాడు, ఆడది సర్దుకుపోవాలి అంటున్నా!"

వరండాలో చప్పుడు ఆగిపోయింది. దగ్గుతున్నవాళ్ళు కూడా దగ్గు ఆపుకున్నారు. దగ్గరగా వేసిన తలుపు కొంచెం తెరుచుకుని, చేతికి కట్టుతో ఉన్న ముసలామె ఒకతె తల లోపలికి పెట్టింది.

"ఏ రోగానికమ్మా ఆ మందు?" అని అడిగింది.

హెడ్ సిస్టర్ మొహం కందగడ్డయింది. చెవులమ్మ బాబాయ్ వైపు తిరిగి, ఉడుకురక్తం గురించి నువ్వూ గట్టిగా చెప్పు బాబాయ్ అంది. ఆయన నీళ్ళు నమిలి, నాకెందుకులే తల్లీ, కట్లవాళ్ళు చూస్తున్నారు అని బయటికి జారుకున్నాడు. డాక్టరమ్మ తన చేతులు తను చూసుకుంటూ ఉండిపోయింది.

ల్యాబ్ బావ లేచాడు. అక్కా, ఎందుకు నన్ను నలుగురిలో ఇలా, మీ ఆయన అప్పుడు, అని గొంతులోనే అన్నాడు.

"అదీ గట్టిగానే చెప్పు తమ్ముడూ. లేదంటే నేనే చెప్తాను" అంది చెవులమ్మ. "నువ్వు మా ఆయనకి రక్తం ఇచ్చావు. బతికినన్నాళ్ళూ నీ పేరు చెప్పుకుంటాం. నీ పెళ్ళాం చెవి నువ్వే పగలగొట్టావు. అది కూడా బతికినన్నాళ్ళూ చెప్పుకుంటాం. ఇప్పుడు ఎందుకు కొట్టావో ఆమెకి వినపడేట్టు చెప్పు."

అతను నోరు తెరిచాడు. ఆనాడు హాలులో ఉప్పేదే అని గద్దించినంత తేలికగా చెప్పేస్తాడేమోనని అందరూ చూశారు. భోజనాల దగ్గర నలుగురిలో నన్ను సరిదిద్దింది, అందుకు కొట్టాను అన్న మాట అతను గట్టిగా చెప్పలేకపోయాడు. చుట్టూ చూశాడు. ఆ చూపులో పశ్చాత్తాపం కోసం చెవులమ్మ వెతికింది. అవమానమే కనపడింది. పట్టుబడ్డ అవమానం.

థియేటర్ సిస్టర్ లేచి నిలబడింది. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తనకే తెలియని స్థితిలో ఉంది, మాట గదంతా మోగింది.

"ఇంటికి రాను. నాకు ఏం జరిగిందో అదే రాయండి మేడమ్."

ఆ సాయంత్రానికి ఆస్పత్రి రెండుగా చీలింది అనడం తప్పు. చీలితే బాగుండేది. దాదాపు అందరూ ఒకవైపే నిలబడ్డారు. సూపరింటెండెంటు చెవులమ్మను పిలిపించి, పేషెంట్ల ముందు ఆస్పత్రి పరువు తీశావన్నాడు. కొట్టినవాడి వల్ల పోని పరువు నా గొంతు వల్ల ఎలా పోయిందండీ అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు జవాబుగా ఆమెను వినికిడి గది నుంచి తీసి, చీటీలిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. పచ్చని కాపురం కూల్చిందని నర్సులు మొహం తిప్పుకున్నారు. బాబాయ్ ఎదురైతే గోడ వైపు చూస్తూ నడిచేవాడు. చెవులమ్మ చీటీల నంబర్లు పిలిచే పిలుపుకు వీధిలో పోయేవాళ్ళు కూడా తిరిగి చూసేవారు. మెల్లగా పిలవమంటే, వినపడాల్సిన వాళ్ళకి వినపడొద్దా అనేది. కోపం ఎక్కడో ఒకచోట పోవాలి కదా.

డాక్టరమ్మ రాయడానికి చాలా రోజులు తీసుకుంది. థియేటర్ సిస్టర్ ఇచ్చిన ఫిర్యాదు మీద పోలీసులు కాగితం అడిగారు, వాయిదా వేసింది. మళ్ళీ అడిగారు. చెవులమ్మ ఒకరోజు మధ్యాహ్నం ఆమె గదిలోకి వెళ్ళి, కూర్చోమనకపోయినా కూర్చుంది. అరవాలనే వెళ్ళింది. డాక్టరమ్మ మొహం చూసి అరవలేదు.

"నాకు ఎవరన్నా భయం లేదు" అంది డాక్టరమ్మ. "ఉద్యోగం మొదలుపెట్టిన దగ్గర్నుంచి పుల్ల అనే రాస్తూ వచ్చాను. ఇప్పుడు దీన్ని దెబ్బ అని రాస్తే, వెనకటివన్నీ ఏమైనట్టు?"

"దెబ్బలే అయినట్టు" అంది చెవులమ్మ.

డాక్టరమ్మ ఆ సాయంత్రం రాసి ఇచ్చింది. అందుకు ఆమెను మెచ్చుకోవాలని చెవులమ్మకు అనిపించలేదు. చేయాల్సిన పని చేసినందుకు హారతి పట్టడం ఆమెకు చేతకాదు.

పొర దానంతటది మూసుకోలేదు. చీము పట్టింది. తగ్గాక డాక్టరమ్మే ఆపరేషన్ చేసి కొత్త పొర అతికించింది, శ్రద్ధగానే చేసింది. వినికిడి కొంత తిరిగొచ్చింది, నరం పోగొట్టుకున్నది రాలేదు. చెవికి మిషన్ పెట్టుకున్నా థియేటర్లో మాస్కుల వెనక మాట పట్టుకోవడం కష్టమని, థియేటర్ సిస్టరును పరికరాలు ఆవిరిపట్టే గదికి మార్చారు. ఏ కత్తి తరవాత ఏ కత్తెర కావాలో సర్జన్ అడగకముందే అందించిన చేతులు ఇప్పుడు ఆ కత్తెరలు లెక్కపెట్టి పెట్టెల్లో సర్దుతాయి. ఆమె తోటి నర్సుతో కలిసి ఒక గది అద్దెకు తీసుకుంది. బాగానే ఉన్నానక్కా, నిద్ర పడుతోంది అంటుంది. పని గురించి అడిగితే మాట్లాడదు. చెవులమ్మ అడగడం మానేసింది.

ల్యాబ్ బావ కేసు వాయిదాల మీద నడుస్తోంది. అతను తనంతట తనే అడిగి ఇంకో ఆస్పత్రికి బదిలీ చేయించుకున్నాడు. వెళ్ళే రోజు హాలులో వీడ్కోలు సభ పెట్టారు. దండ వేశారు. ఇలాంటి మంచి మనిషిని పోగొట్టుకుంటున్నాం అని హెడ్ సిస్టర్ మాట్లాడింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెవులమ్మ వెళ్ళలేదు. కిటికీ దగ్గర కూర్చుంటే చప్పట్లు వినిపించాయి. ఆ చప్పట్లు కూడా గట్టిగానే కొట్టారు, ఆ మాటకొస్తే. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, నానబెట్టిన బట్టలన్నీ బండకేసి బాదింది. భర్త పక్కన నిలబడి ఒక్కొక్కటే పిండి ఆరేశాడు.

కొన్ని నెలలకు వినికిడి పరీక్షల కోసం వచ్చేవాళ్ళు గది తాళం చూసి గోల పెట్టడంతో, యంత్రం తెలిసిన మనిషి వేరే లేక, చెవులమ్మను తిరిగి తన గదికి పంపారు. ఆమె తాళం తీసి, బూజు దులిపి, అదే పని మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కటి మార్చింది. ఇప్పుడు ఆడపేషెంటుతో ఎవరు వచ్చినా వరండాలోనే కూర్చోబెడుతుంది. తలుపు వేశాక, పరీక్షకు ముందే, ఏమైంది అని అడగదు. ఎవరు కొట్టారు అని అడుగుతుంది. అందరినీ అడుగుతుంది. కొందరు నిజంగానే పుల్ల పెట్టుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళు నవ్వుతారు. డాక్టరమ్మ కూడా అడగడం మొదలుపెట్టింది గానీ ఇంకా అలవాటు పడలేదు. మొన్న గుబిలి తీయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన్ని కూడా తడబడి ఎవరు కొట్టారని అడిగేసింది.

ఎక్కువమంది చెప్పరు. జారిపడ్డాననే చెబుతారు. అలాంటప్పుడు చెవులమ్మకు వాళ్ళ మీద కాదు, అలా చెప్పడం వాళ్ళకు నేర్పిన ప్రతి ఒక్కరి మీదా కోపం వస్తుంది. ఆ కోపం తగ్గుతుందని ఆమె అనుకోవడం లేదు, తగ్గాలని కూడా అనుకోవడం లేదు.

మొన్నీమధ్య ఒక కాలేజీ పిల్ల వచ్చింది. ఎడమ చెవి. వెంట వచ్చిన కుర్రాడిని బయట కూర్చోబెట్టి, చెవులమ్మ తన ప్రశ్న అడిగింది. ఆ పిల్ల గాజులోంచి సూటిగా చూసింది.

"చెబితే ఏం చేస్తారు?"

ఇంతవరకూ ఎవరూ అలా ఎదురు అడగలేదు. చెవులమ్మ అబద్ధం చెప్పలేదు. "కేసు ఎలా నడుస్తుందో నేను చెప్పలేను. ఇంట్లో వాళ్ళు ఏమంటారో చెప్పలేను. నువ్వు చెప్పిందే కాగితం మీద ఉండేట్టు చూస్తాను. ఇంటికి వెళ్ళనంటే ఇవాళ పడుకోవడానికి ఒక చోటు ఉంది, అక్కడ ఇద్దరు నర్సులుంటారు. అంతవరకు నా చేతిలో ఉంది."

ఆ పిల్ల చేతిలో బటన్ అటూ ఇటూ తిప్పింది.

"బయట కూర్చున్నాడే, వాడే. మా అన్నయ్య. నేను ఫోన్లో మాట్లాడుతుంటే..." అంది.

చెవులమ్మ గది తలుపు సందులోంచి వరండా వైపు చూసింది. ఆ కుర్రాడు చెల్లెలి పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. ఆమె పరీక్ష పూర్తి చేసింది. ఆ పిల్లను లోపలే ఉండమని మైకులో చెప్పి, లేచి డాక్టరమ్మ గదికి నడిచింది.